ఇరవై ముఖాల పాచిక – తుపాను రాత్రి

మీరు అష్టాచెమ్మా ఆడే ఉంటారు. నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కల్ని గచ్చుమీద సగానికి అరగదీసి వాడుకుంటాం. వైకుంఠపాళి కూడా ఆడే ఉంటారు. ఆ ఆటలో మీ కాయ పాము నోట్లో పడిందనుకోండి. "ఆగండి, పాము కదలికను నేను ముందే గమనించాను, పక్కనున్న చెట్టెక్కుతాను" అని మీరు అనగలరా? అంటే స్నేహితులు నవ్వుతారు. కాయకు కళ్లు లేవు, కాళ్లు లేవు, చెట్టూ లేదు.

అలా అనడానికి వీలున్న ఆటలు ఉన్నాయి. ఇంగ్లీషులో వాటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "మీరు వాగు ఒడ్డుకు వచ్చారు, నీళ్లు ఉరకలేస్తున్నాయి, ఏం చేస్తారు?" అని కథ నడిపేవారు అడుగుతారు. "ఈదుతాను" అంటే పాచిక వేసి చూస్తారు. "తాడు వెతుకుతాను" అంటే కథ ఇంకో దారి పడుతుంది. గెలుపు ఓటముల కంటే తరవాత ఏమవుతుందన్నదే ఇందులో ముఖ్యం.

సైన్సు పత్రికలో ఆటల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఈ ఆటల నియమావళి నిజానికి ప్రపంచానికి ఒక చిన్న నమూనా. బలం ఎంత, దూరం ఎంత, దెబ్బ ఎంత, అదృష్టం ఎంత అన్నవన్నీ అందులో అంకెలుగా మారతాయి. ఒకచోటి కోసం తయారు చేసిన నమూనాను ఇంకోచోటికి తీసుకుపోతే ఏమవుతుందన్నది సైన్సులో చాలా పాత ప్రశ్న. మా బడిలో మేము సరిగ్గా ఆ పనే చేసి, నాలుగైదుసార్లు బోల్తా పడ్డాం. ఆ సంగతి చెబుతాను. ముందు కొంచెం చరిత్ర.

1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు అధికారుల శిక్షణ కోసం ఒక యుద్ధపు ఆటను తయారుచేశాడు. పటం మీద దళాలను జరిపి, పాచికలు వేసి నష్టాలు లెక్కకట్టేవారు. తీర్పు చెప్పడానికి ఒక మధ్యవర్తి ఉండేవాడు. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడే ఆటకు నియమాలు రాసి పుస్తకంగా వేశాడు. గ్రహాంతర వాసుల దండయాత్ర మీద నవల రాసిన వెల్సే ఆయన. ఆ తరవాత అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను ప్రచురించారు. సైన్యం మొత్తానికి బదులు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర! కత్తులు, మంత్రాలు, గుహలు, భూతాలు ఉన్న ఆ ఆటతోనే ఈ రకం ఆటలు అచ్చులోకి వచ్చాయి.

ఆ ఆటలో వాడే పాచికలు మన పగడసాలలో వాడే పొడుగు పాచికల వంటివి కావు. నాలుగు ముఖాలది, ఆరు ముఖాలది, ఎనిమిది ముఖాలది, పన్నెండు ముఖాలది, ఇరవై ముఖాలది. జ్యామితి చదివినవారు ఈ సంఖ్యలను గుర్తుపడతారు. ముఖాలన్నీ ఒకే క్రమబహుభుజిగా ఉండి, ప్రతి శీర్షం వద్ద ఒకే సంఖ్యలో కలిసే కుంభాకార ఘనరూపాలు ఈ అయిదే. ప్లేటో కాలంనుంచీ ఇవి ప్రసిద్ధం. బడిలో గణితం బోధించే సామగ్రిగా అమ్మే ఇలాంటి ఘనరూపాలనే ఆ ఆట వాళ్లు మొదట కొని వాడుకున్నారు. లెక్కల టీచరు పెట్టెలోంచి భూతాల గుహలోకి వెళ్లాయన్నమాట! ఇరవై ముఖాల పాచిక అయితే అంతకంటే చాలా పాతది. గ్రీకు అక్షరాలు చెక్కిన ఈజిప్టు పాచికలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

మన కథకు కావలసిన పుస్తకం 2002లో వచ్చింది. దాని పేరు "డీ-20 మోడరన్". కత్తుల కథల కోసం తయారైన నియమాలను కార్లు, తుపాకులు, కంప్యూటర్లు ఉన్న నేటి కాలానికి మలిచారు. అంతటితో ఆగలేదు. 2004లో అదే యంత్రాన్ని అంతరిక్షానికి తీసుకుపోయి "డీ-20 ఫ్యూచర్" అన్నారు. 2005లో వెనక్కి తిప్పి ఓడ దొంగల కాలానికి తీసుకుపోయి "డీ-20 పాస్ట్" అన్నారు. ఇంజను ఒకటే, బండి మారుతోంది.

ఆ ఇంజను ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్రతి పాత్రకూ ఆరు గుణాలు ఉంటాయి: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. మామూలు మనిషికి ఒక్కొక్కటీ 10 లేక 11. గుణంలోంచి 10 తీసేసి, రెండుతో భాగించి, భిన్నం వస్తే కిందికి సవరించాలి. బలం 14 అయితే లాభం +2. బలం 7 అయితే నష్టం −2. పని కష్టాన్ని బట్టి కథ నడిపేవారు ఒక అంకె పెడతారు. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చినదానికి లాభం కలిపితే ఆ అంకె అందాలి. ఇసుకలో కూరుకుపోయిన పడవను నెట్టడానికి కష్టం 15 అనుకోండి. +2 ఉన్నవాడికి పాచికమీద 13 గాని అంతకంటే ఎక్కువ గాని పడాలి. 13 నుంచి 20 వరకు ఎనిమిది ముఖాలు. ఇరవైలో ఎనిమిది, అనగా నూటికి 40 పాళ్లు. అంతే.

ఈ పాచికలో ప్రతి ముఖానికీ సమాన అవకాశం ఉంది. అందువల్ల లాభం ఒకటి పెరిగితే అవకాశం ఎప్పుడూ నూటికి అయిదే పెరుగుతుంది. కొత్తవాడికైనా, ఆరితేరినవాడికైనా అంతే. 1986లో వచ్చిన "గర్ప్స్" అనే మరో ఆటలో ఆరు ముఖాల పాచికలు మూడు కలిపి వేస్తారు. అప్పుడు లెక్క మారుతుంది. మొత్తం 216 రకాలుగా పడవచ్చు. 18 రావడానికి ఒకే దారి. 10 రావడానికి 27 దారులు, 11 రావడానికీ 27. అంటే ఫలితాలు మధ్యకు గుమిగూడతాయి. ఇదే సంగతి గవ్వలతోనూ చూడవచ్చు. ఆరు గవ్వలు వేస్తే (వెల్లకిలా, బోర్లా సమానంగా పడతాయనుకుంటే) 64 రకాల్లో మూడు వెల్లకిలా పడేవి 20, ఆరూ వెల్లకిలా పడేది ఒకటే. నిజమైన గవ్వలు సమానంగా పడతాయని మాత్రం హామీ లేదు. మీ గవ్వను వందసార్లు వేసి రాసుకోండి, సంగతి మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కత్తుల ఆటను తుపాకుల ఆటగా మార్చడానికి ఏం చేశారు? వంద మార్పులు చేశారు గాని, నాకు బాగా నచ్చింది ఒక్కటే. పాత ఆటలో ఒక నియమం ఉంది: ఒకే దెబ్బకు 50 గాని అంతకంటే ఎక్కువ గాని నష్టం జరిగితే, పాత్రకు ఇంకా శక్తి మిగిలి ఉన్నా ప్రాణాపాయ పరీక్ష ఎదుర్కోవాలి. కత్తి దెబ్బ ఎనిమిది ముఖాల పాచికతో లెక్క. కనుక 50 అన్నది ఏ కొండరాక్షసుడి చేతిలోనో తప్ప రాదు. అందుకే ఆ ఆటలో వీరులు ఇరవై దెబ్బలు తిని కూడా నవ్వుతూ నిలబడతారు. ఆధునిక ఆటలో 50 తీసేసి, ఆ పాత్ర దేహదారుఢ్యం ఎంతో అంత పెట్టారు. మామూలు మనిషికి 10. చిన్న తుపాకి దెబ్బ ఆరు ముఖాల పాచికలు రెండు. మొత్తం 10ని మించాలంటే 11 గాని 12 గాని పడాలి. 36లో 3 దారులు, అనగా పన్నెండింట ఒకటి. అంటే ప్రతి పన్నెండు తూటాల్లో సగటున ఒకటి మనిషిని ప్రాణాపాయంలోకి నెట్టగలదు. ఒక్క అంకె మారింది, ఆటంతా మారింది. ఇప్పుడు తుపాకి చూస్తే పాత్రలు గోడచాటుకు పోతాయి. నియమం పుస్తకంలో ఎక్కడా "భయపడండి" అని రాయలేదు. అంకె చేత భయం పుట్టించారు.

ఇంకో మార్పు డబ్బుకు సంబంధించినది. పాత ఆటలో బంగారు నాణేలు లెక్కపెట్టుకునేవారు. కొత్త ఆటలో నాణేలు లేవు, "సంపద" అనే అంకె ఉంది. వస్తువుల ధరలకూ ఒక కష్టపు అంకె పెట్టారు. 200 డాలర్ల వస్తువుకు 12, 2000 డాలర్లదానికి 20, 20,000 డాలర్లదానికి 28. గమనించారా? అంకె ఎనిమిది పెరిగినప్పుడల్లా ధర పదిరెట్లవుతోంది. పదో తరగతివారు దీన్ని గుర్తుపట్టాలి. ఇది సంవర్గమాన కొలత. ఆమ్లాలకు పి.హెచ్. విలువ, భూకంపాలకు రిక్టర్ స్కేలు ఇదే పద్ధతిలో నడుస్తాయి. చాలా చిన్నవాటినీ చాలా పెద్దవాటినీ ఒకే చిన్న పట్టికలో ఇరికించాలంటే ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఎక్కడినుంచి పడితే ఎంత దెబ్బ అనే నియమం చూసి మాత్రం నాకు నవ్వొచ్చింది. ప్రతి పది అడుగులకూ ఒక ఆరు ముఖాల పాచిక. గరిష్ఠంగా ఇరవై పాచికలు. మొదటి సగం భౌతికశాస్త్రానికి దగ్గరగానే ఉంది. పడే వస్తువు గతిశక్తి ఎత్తుకు అనులోమానుపాతంలో ఉంటుంది గదా! రెండో సగం ఒప్పుకోవడం కష్టం. 200 అడుగులు అంటే 61 మీటర్లు. గాలి నిరోధం వదిలేస్తే కింద తాకే వేగం సెకనుకు సుమారు 35 మీటర్లు. మనిషి గాలిలో పడేటప్పుడు స్థిరపడే చరమవేగం 55 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 200 అడుగులకు వేగం పెరగడం ఆగిపోదు. ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి ఆపారు. నమూనాలు తయారుచేసేవారు అందరూ ఇలా ఎక్కడో ఒకచోట గీత గీస్తారు. ఆ గీత ఎక్కడుందో వాడేవారికి తెలిసి ఉండాలి.

భవిష్యత్తు పుస్తకంలో నాగరికతకు మెట్లు కట్టారు. సున్నా అంటే రాతియుగం, ఒకటి కంచు ఇనుప యుగాలు, రెండు మధ్యయుగాలు, అలా అయిదు దాకా వస్తే ఇప్పటి సమాచార యుగం. ఆ పైన కేంద్రక సంలీనంతో నడిచే ఆరో మెట్టు, ఇంకా పైన మరికొన్ని ఊహలు. ఏ కాలపు కథకు ఏ పనిముట్లు దొరుకుతాయో తేల్చడానికి ఇది సులువైన పద్ధతి. కాని చరిత్ర ఇలా ఒకే నిచ్చెన ఎక్కలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అదే ఊళ్లో ఆవిరి యంత్రం లేదు. వారిని ఏ మెట్టు మీద కూర్చోబెడతారు? ఉక్కుకు ఒక మెట్టు, బండికి ఒక మెట్టు, వైద్యానికి ఒక మెట్టు విడివిడిగా పెట్టుకుంటే గాని కుదరదు. పుస్తకం అచ్చయిందంటే నిజమైపోయిందని అనుకోకండి.

అంకెలు మార్చడమే కాదు, ఒక్కోసారి కొత్త అంకెనే పుట్టించాలి. అమెరికాలో 1978లో వచ్చిన "రూన్‌క్వెస్ట్" అనే కత్తుల ఆట నియమాలను తీసుకుని, 1981లో శాండీ పీటర్సన్ భయానక కథల ఆటను తయారుచేశాడు. భయం కలిగించే కథలో వీరుడి ఒంట్లో శక్తి ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. తగ్గిపోవలసింది మనస్థైర్యం. అందుకని దానికి ఒక అంకె పెట్టాడు. చూడకూడనిది చూసినప్పుడల్లా అది తరుగుతుంది. మిగతా నియమాలు చాలావరకు పాతవే.

ఇక మా సంగతి.

మా బడి సముద్రానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. అమెరికాలో ఉంటున్న నా పాత విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చినప్పుడు ఈ ఆట పుస్తకాన్నీ, ఒక ఇరవై ముఖాల పాచికనూ ఇచ్చివెళ్లాడు. శనివారం సాయంత్రం సైన్సు క్లబ్బులో తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాను. రెండు వారాలు అమెరికా పోలీసుల కథ ఆడారు. మూడోవారం ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, మన ఊరి కథ ఆడదామండీ" అన్నాడు. ఏ కథ అంటే, వాళ్లలో వాళ్లు చూసుకుని, "తుపాను" అన్నారు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. సుమారు పదివేలమంది పోయారు. మా ఇల్లు దూరంగా ఉంది కాబట్టి పెంకులు ఎగిరిపోవడంతో బతికిపోయాం. తరవాత చాలా రోజులు మా నాన్న నన్ను సముద్రం వైపు వెళ్లనివ్వలేదు. దాన్ని పాచికలాట చేయవచ్చా? నేను తేల్చుకోలేకపోయాను. ఆ ఉప్పెననే ఆడవద్దని, ఊహలో ఒక ఊరును కట్టుకుందామని, రేడియో ఉండి సెల్‌ఫోను లేని కాలం పెట్టుకుందామని చెప్పాను. పిల్లలు ఒప్పుకున్నారు.

మొదట పాచిక పోయింది. నిజంగానే పోయింది, బెంచీ కింద ఎలుక కన్నంలోకి దొర్లిందని నా అనుమానం. ఒకటి నుంచి ఇరవై వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశాం. రెండు శనివారాలు గడిచాక చూస్తే పిల్లలు తీసిన చీటీని తిరిగి గ్లాసులో వేయడం లేదు! "ఇంకా ఇరవై లోపలే ఉందిరా, ఆగి తీద్దాం" అని గుసగుసలు. ఎనిమిది చీటీలు తీసినా ఇరవై రాలేదంటే, తొమ్మిదోసారి అది వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి కాదు, పన్నెండులో ఒకటి. పాచికకు జ్ఞాపకం లేదు, గ్లాసుకు ఉంది. వాళ్లను తిట్టలేకపోయాను. సంభావ్యత పాఠం వాళ్లే కనిపెట్టారు మరి. ఆ రోజునుంచి చీటీ తిరిగి వేసి గ్లాసు గిలకొట్టాలని నియమం రాశాం.

రెండో బోల్తా కాలం దగ్గర. ఈ ఆటలో ఒక వంతు అంటే ఆరు సెకన్లు. తుపాకుల కొట్లాటకు అది చక్కగా సరిపోతుంది. తుపాను సాయంత్రం ఆరింటికి మొదలై తెల్లవారి ఆరింటికి తగ్గితే? పన్నెండు గంటలకు 7200 వంతులు. అయిదుగురు ఆడితే 36,000 చీటీలు! వంతును గంట చేశాం. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆరు సెకన్లలో ఈదడానికి పెట్టిన కష్టం, గంటసేపు ఈదడానికి ఎలా సరిపోతుంది? తుపాను నీటిలో ఈదడం కష్టం 20 అని పుస్తకం చెబుతుంది. లాభం లేని మామూలు మనిషికి ఇరవైలో ఒకటే అవకాశం. ఇరవైసార్లు ప్రయత్నిస్తే తప్పకుండా ఒకసారి నెగ్గుతాడని ఒక పిల్ల అంది. కాదు. ప్రతిసారీ ఓడే అవకాశం 0.95. దాన్ని ఇరవైసార్లు గుణిస్తే దాదాపు 0.36 వస్తుంది. నూరుమందిలో 36 మంది ఇరవైసార్లూ ఓడిపోతారు. పైగా ఉప్పెనలో ఇరవైసార్లు ప్రయత్నించడానికి ఎవరు ఆగుతారు?

మూడోది అందరికంటే పెద్ద బోల్తా. గాలి తీవ్రతకు అంకె కావలసి వచ్చింది. ఒక కుర్రాడు హుషారుగా, "ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు ఉన్నాయి గదండీ, పదికి ఆ నంబరు కలిపితే కష్టం వస్తుంది" అన్నాడు. రేడియోలో "పదో నంబరు ప్రమాద సూచిక" అని మీరూ వినే ఉంటారు. బ్రహ్మాండమైన ఆలోచనే అనిపించింది. ఆడుతూ ఉండగా అర్థమైంది, ఆ నంబర్లు మెట్లు కావు. అయిదో నంబరు అంటే రేవు తుపాను దారికి ఎడమవైపు ఉంటుందని, ఆరు అంటే కుడివైపు ఉంటుందని, ఏడు అంటే తుపాను రేవు మీదుగా గాని దగ్గరగా గాని పోతుందని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అలాగే, మరింత తీవ్రమైన తుపానుకు. పదకొండో నంబరు పది కంటే పెద్ద గాలి కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం! బస్సు నంబర్లు కూడినట్టు కూడాం మేము. అంకె కనబడగానే అది కొలత అనుకోకూడదని నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను, నేనే పడ్డాను.

ఆ తప్పువల్ల ఒక మంచి జరిగింది. ఎడమ కుడి అన్నది ఎందుకు ముఖ్యమని పిల్లలు అడిగారు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. తూర్పునుంచి పడమటికి మన తీరం దాటే తుపానుకు కుడివైపు అంటే ఉత్తరం. అక్కడ గాలి సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. నీటిని తోసుకొస్తుంది. ఎడమవైపు నేల నుంచి సముద్రం మీదికి. తుపాను మధ్యలో పీడనం తగ్గినందువల్ల కూడా సముద్రం పొంగుతుంది గాని, ఒక మిల్లీబారుకు ఒక సెంటీమీటరు చొప్పునే. 80 మిల్లీబార్లు తగ్గినా 80 సెం.మీ. మాత్రమే. మనుషులను మించిన ఎత్తున వచ్చే ఉప్పెనకు ముఖ్య కారణం లోతులేని తీరం మీదికి గాలి తోసే నీరు. కనుక మా ఆటలో ఊరు తుపాను దారికి ఏ పక్కన ఉందన్నదే మొదటి చీటీ అయింది.

ఆ తరవాత తుపాను కన్ను ఊరిమీదికి వచ్చింది. గాలి ఒక్కసారిగా ఆగింది, వాన ఆగింది అని చెప్పాను. ఇద్దరు పిల్లలు తమ పాత్రలను గేదెల కోసం బయటికి పంపారు. 20 కి.మీ. వెడల్పున్న కన్ను గంటకు 20 కి.మీ. వేగంతో కదిలితే ప్రశాంతత ఉండేది గంట. మా ఆటలో ఒకే ఒక్క వంతు. తరవాతి వంతులో గాలి ఎదుటి దిక్కునుంచి కొట్టింది. ఆ ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. నాకూ ఏమిటోలా అనిపించింది. కాని తుపాను కన్ను గురించి బోర్డుమీద బొమ్మవేసి చెప్పిన ఏ ఏడాదీ తరగతి అంత నిశ్శబ్దంగా వినలేదు.

ఇంత చేసినా ఆట సరిగా నడవలేదు. పుస్తకంలోని ఆరు రకాల వీరుల్లో పిల్లలు బలశాలినో, వేగశాలినో, మొండివాణ్నో తీసుకుంటున్నారు. నీళ్లు వచ్చాక +3 ఉన్నవాడూ పోతున్నాడు, లేనివాడూ పోతున్నాడు. "మాస్టారూ, తుపానుకు శక్తి ఎంత? ఎన్ని దెబ్బలకు చస్తుంది?" అని ఒకడు విసుగ్గా అడిగాడు. అదీ అసలు చిక్కు. ఈ నియమాలు కొట్టడానికి తయారైనవి. కొట్టడానికి ఎవరూ లేని చోటికి మేము వాటిని తెచ్చాం.

దారి చూపించింది మా క్లబ్బులో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి. 1977 ఉప్పెనలో వాళ్ల మామ్మ తాడిచెట్టును పట్టుకుని తెల్లవార్లూ ఉండి బతికింది. ఈ అమ్మాయి మా ఆట గొడవ అంతా ఇంట్లో చెప్పిందట. మామ్మ విని, "బలం ఉన్నోళ్లు బతకలేదే, మేడమీదున్నోళ్లు బతికారు" అందట.

ఆ మాటతో నియమావళి తలకిందులైంది. సంపద అంకె తీసేసి ఇంటి పైకప్పు పెట్టాం. డాబా అయితే 8, పెంకుటిల్లు 4, తాటాకు ఇల్లు సున్నా. అన్నిటికంటే ముఖ్యంగా, చీటీలు తీసే సమయాన్ని మార్చాం. నీళ్లు వచ్చాక కాదు, అంతకు ముందు పన్నెండు గంటల్లో. రేడియోలో చెప్పింది ఎవరు విన్నారు, ఎవరు నమ్మారు, ఎవరు ఇల్లు వదలడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు పెద్దవాళ్లను ఒప్పించే కష్టం 18, ఎందుకంటే గత ఏడాది హెచ్చరిక వచ్చి తుపాను రాలేదు. గట్టి చేతులు ఎందుకూ కొరగాలేదు. పోలీసు కథలో ఎవరూ తీసుకోని ఆరో రకం వీరుడు, నలుగురినీ మాటతో ఆకట్టుకునేవాడు, ఊరికి దిక్కయ్యాడు. పిల్లలు ఆ పాత్ర కోసం కొట్లాడుకున్నారు.

పుస్తకంలో ఒక వెసులుబాటు ఉంది. ప్రతి వీరుడికీ మొదట్లో అయిదు అవకాశపు బిందువులు ఇస్తారు. అవసరం వచ్చినప్పుడు ఒకటి ఖర్చుపెట్టి, ఆరు ముఖాల పాచిక వేసి, వచ్చినదాన్ని కలుపుకోవచ్చు. సినిమా వీరుడు చివరి క్షణంలో బయటపడడానికి అది సాధనం. దాన్ని ఉంచాలా తీసేయాలా అని వాదన వచ్చింది. ఉప్పెనలో అలాంటివి ఎవరికున్నాయి, తీసేయాలని చాలామంది అన్నారు. ఆ అమ్మాయి మాత్రం, "మా మామ్మకు ఉంది గదండీ" అంది. అయిదు తీసేసి ఒక్కటి ఉంచాం. ఆరు ముఖాల పాచికకు బదులు ఆరు పలకల పెన్సిలు మీద బ్లేడుతో అంకెలు గీసుకున్నాం.

ఆ నియమాలతో ఆడిన మొదటి శనివారం ఊరిలో నలభై ఇళ్లకుగాను ముప్ఫై ఒకటి ఖాళీ అయ్యాయి. రెండోసారి ముప్ఫై ఆరు. తక్కిన నాలుగిళ్లను ఎలా కదిలించాలన్న దానిమీద పిల్లలు నోటుపుస్తకంలో నాలుగు పేజీలు రాశారు. ముసలివారిని ఎడ్లబండిమీద ఎక్కించడానికి ఎంతసేపు, పురుడు వచ్చిన ఇంటికి ఎవరు వెళ్లాలి, బడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది. చివరిదానికి జవాబు నన్నే అడిగారు. మా బడి తాళం రెండోది ఎవరి దగ్గర ఉందో నాకూ తెలియదు. సోమవారం కనుక్కుని వచ్చి చెప్పాను.

కిందటి నెల ఆ అమ్మాయి వాళ్ల మామ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని గంటసేపు ఆట చూసింది. గ్లాసులో చీటీలు గిలకొడుతుంటే ఏమీ అనలేదు. నీళ్లు కట్టదాటాయని నేను చెప్పినప్పుడు కొంగు సర్దుకుంది. ఆట అయ్యాక, "ఎలా ఉంది మామ్మగారూ, తప్పులున్నాయా?" అని అడిగాను.

"గొడ్లను ఎవరు ఇప్పారు మాస్టారూ?" అంది.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా నియమాల్లో ఎక్కడా పశువుల పలుపులు లేవు. కట్టేసి ఉన్నవి ఒక్కటీ మిగలలేదని, వదిలినవి కొన్ని ఈదుకుంటూ గట్టెక్కాయని ఆమె చెప్పింది. ఆ నాలుగు పేజీల కింద చివరి బెంచీ అమ్మాయే రాసింది: "గొడ్లను విప్పడం – ఇంటికి అరగంట – చీటీ అక్కరలేదు, కాని ముందే విప్పాలి."